మూడోసారి అడిగితేనే

మా ముత్తాతగారు నాలుగు ఊళ్లకు మునసబు. మా తాతగారి గుర్రబ్బండి కనబడితే పాలకొల్లు బజారు లేచి నిలబడేది. ఆ ఇంట్లో ఒక మర్యాద ఉండేది. ఎవరేం ఇవ్వబోయినా రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితేనే పుచ్చుకోవాలి.

ఎనభైల్లో మా మేనత్తను రాజమండ్రిలో ఒక వృద్ధాశ్రమంలో చేర్పించాను. ఆవిడ అవసరాలు రాసుకోవడానికి నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

"స్నానానికి వేడినీళ్లు కావాలా మామ్మగారూ?"

"అబ్బే, ఎందుకమ్మా!"

"చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడానికి మనిషి కావాలాండీ?"

"వద్దు తల్లీ."

నర్సు అన్నిటికీ 'అక్కర్లేదు' అని రాసి, అంతా ఆవిడ ఇష్టప్రకారమేనని సంతకం చేయించుకుంది. నాకు కుర్చీ ఒక్కసారే చూపించింది కనుక నేను నిలబడే ఉన్నాను.

వారం తరవాత వెళ్తే అత్తయ్య చన్నీళ్ల స్నానాలతో పడిశం పట్టి మూలుగుతోంది. స్నానాల గదిలో ఒకసారి జారిందట కూడా. నర్సుకు మా ఇంటి పద్ధతి చెప్పాను. ఆమె నవ్వాపుకుంటూ మళ్లీ కాగితం తీసింది.

"వేడినీళ్లు కావాలాండీ?"

"వద్దమ్మా."

"పోనీ, కొంచెం కాచి ఇమ్మంటారా?"

"ఎందుకులే తల్లీ."

"మామ్మగారూ, ఇది మూడోసారండీ!"

"అంతగా అడుగుతున్నావు కనక రెండు బిందెలు కాయించు. చెయ్యి పట్టుకోడానికి మనిషిని కూడా పంపు. మా ఇంట్లో రాగి కాగు పొయ్యి దిగేది కాదు తెలుసా?"

ఆ కాగును అంతకు ముందు ఏడాదే పాలకొల్లులో తూకానికి అమ్మేశాను.