ముగ్గురున్న గదిలో ఒకటి

ఆ బట్టల మిల్లులో అన్నిటికన్నా చిన్నది రంగులు సరిచూసే గది. కిటికీలు లేవు. గోడలకు బూడిదరంగు. మధ్యలో దీపాల పెట్టె. కొనేవాళ్లు పంపిన గుడ్డముక్క పక్కన మిల్లు అద్దిన ముక్కను పెట్టి, పగటి వెలుతురులాంటి దీపం కింద ఒకసారి, దుకాణాల్లో వెలిగే దీపం కింద ఒకసారి చూడాలి. ఒక వెలుగులో కవలల్లా ఉన్నవి ఇంకో వెలుగులో ముక్కూమొహం తెలియనివాళ్లలా కనిపిస్తాయి.

అక్కడ పనిచేసేది ముగ్గురే. పెళ్లి మాటెత్తితే "నన్ను భరించేవాడు ఇంకా పుట్టలేదులే" అని కొట్టిపారేసే ఇన్‌ఛార్జి అక్క. మనవళ్ల ఫొటోలు చూపించందే మాట మొదలుపెట్టని తాత. మూడోవాడు మిల్లు మొత్తానికీ బావ.

బావ కన్నా బావ భార్యకే పేరెక్కువ. ఆమెను ఎవరూ చూడలేదు. అయినా ఆమె గురక, నడుంనొప్పి, కూరలో ఉప్పెక్కువైందంటే ఆమె అలిగే తీరు అందరికీ కంఠతా వచ్చు.

"మా ఆవిడ నిన్న నా చొక్కాకి గుండీ కుట్టింది. గుండీతో పాటు జేబు కూడా కుట్టేసింది. ఇక డబ్బులు పెట్టుకోవడానికి లేదు, తీసుకోవడానికీ లేదు" అంటే భోజనాల హాలు గొల్లుమనేది.

ఆ కబుర్లలో అబద్ధం ఒక్కటే. ఆవిడ ఆవిడ కాదు. స్కూలు బస్సు నడిపే మనిషి. ఏళ్ల తరబడి బావతో ఒకే కప్పు కింద ఉంటున్నవాడు. ఇంటి యజమానికి మాత్రం బావకు వరసకు తమ్ముడని చెప్పారు. సాయంత్రం బావ చెప్పులు విప్పుతుండగానే వంటింట్లోంచి అడిగేవాడు.

"ఇవాళ నేనేం చేశాను?"

మిల్లులో చెప్పిందంతా బావ మళ్లీ చెప్పేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వు ఆగాక, అప్పటిదాకా అక్కడ కూర్చున్న ఎవరో లేచి వెళ్లిపోయినట్టుండేది.

ఆ ఏడు కొనే కంపెనీలు మిల్లుకు కబురు పెట్టాయి. మీ దగ్గర ఎలాంటి మనుషులు పనిచేస్తున్నారో, అందరికీ చోటుందో లేదో నలుగురికీ తెలిసేలా చెప్పమన్నాయి. సిబ్బంది వ్యవహారాలు చూసే మేడమ్ అందరి ఫోన్లకూ ప్రశ్నలు పంపింది. పేరు అక్కర్లేదు, విభాగం చెబితే చాలు. మీరు ఎవరిని ప్రేమిస్తారు అన్న దగ్గర బావ బొటనవేలు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతన్ని అడిగినవాళ్లు లేరు. అడిగింది యంత్రమే కావచ్చు. అడిగింది కదా. నిజం నొక్కాడు. ఆ మధ్యాహ్నమంతా దీపాల పెట్టెలో ప్రతి నీలమూ అతనికి ఆకాశంలా కనిపించింది.

కొన్నాళ్లకు భోజనాల హాలు గోడ మీద ఏడు రంగుల పట్టీతో బోర్డు వెలిసింది. 'మా దగ్గర దాపరికం లేదు' అని పైన పెద్ద అక్షరాలు. కింద స్వలింగ, ట్రాన్స్ ఉద్యోగులు ఎక్కడెక్కడ ఎంతమందో విభాగాల వారీగా. వందల మంది ఉన్న అద్దకం షెడ్డులో నలుగురు. రంగులు సరిచూసే గదిలో ఒకరు.

చేతిలో టీ చల్లారకముందే హాలు తేల్చేసుకుంది. తాతకు మనవళ్లున్నారు. బావకు ఆవిడ ఉంది. మిగిలింది అక్క.

"అందుకన్నమాట పెళ్లొద్దన్నది!"

"నోరు మూసుకోవే, వస్తోంది."

మర్నాటి నుంచి అక్క అడుగుపెడితే బట్టలు మార్చుకునే గది ఖాళీ అయ్యేది. రెండ్రోజులు చూసింది. తర్వాత తన సంచి పట్టుకుని గోడౌన్‌లో మూటల వెనక్కి వెళ్లి మార్చుకోసాగింది.

బావ మేడమ్ దగ్గరికి పరుగెత్తాడు. "ఆ అంకె తీసేయండమ్మా. మేం ఉన్నదే ముగ్గురం."

"తీసేస్తే దాచినట్టే కదండీ! పేర్లు లేవుగా, భయమెందుకు?" మేడమ్ మొహం వెలిగిపోతోంది. "ముగ్గురిలో ఒకరంటే ఎంత శాతమో చూశారా? పై ఆఫీసులో మీ గదినే మెచ్చుకున్నారు."

ఆ సాయంత్రం ఇంట్లో నవ్వుల్లేవు.

"చెప్పేస్తాను" అన్నాడు బావ.

"ఇల్లు ఖాళీ చేయమంటారు. నేను పిల్లల బస్సు నడిపేవాణ్ణి. తాళాలు లాక్కుంటారు." పళ్లెం కడుగుతూ చాలాసేపు కొళాయి కట్టెయ్యలేదు. "అయినా చెప్పు. మీ అక్క మనకేం పాపం చేసింది?"

మర్నాడు భోజనాల వేళ బావ లేచి నిలబడ్డాడు.

"ఆ ఒక్కరూ అక్క కాదు. నేను. నాకు భార్య లేదు. ఎప్పుడూ లేదు. నేను కాపురం చేసేది ఒక మగవాడితో."

హాలు పగలబడి నవ్వింది.

"మరి జేబు కుట్టింది ఎవరు బావా?"

"మీ ఆవిడ వింటే గరిట తిరగేస్తుంది!"

"మంచి మనసయ్యా నీది" అంటూ తాత కళ్లు తుడుచుకుని భుజం తట్టాడు. "ఆడకూతురి పరువు కోసం ఎంత మాటైనా పడతావు."

"నిజం తాతా. ఒట్టు."

ఒట్టు అన్నకొద్దీ నవ్వు పెరిగింది. ఇన్నేళ్లు ప్రేమగా, ఓపిగ్గా పెంచిన ఆ భార్య హాలు నిండా కూర్చుని ఉంది. ఆమె ముందు అతని నిజం నిలవలేకపోయింది.

గదిలోకి వచ్చాక అక్క దీపం ఆర్పలేదు, వెలిగించలేదు. స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"అంటే ఆ ఒక్కరూ నేనేనని నువ్వూ నమ్మావన్నమాట" అంది. "నమ్మి, జాలిపడ్డావన్నమాట."

"కాదక్కా, నేను..."

"చాల్లే. మీ ఆవిడ ముఖం చూసైనా ఊరుకోవాల్సింది."

వారం తిరక్కుండానే గోడౌన్‌కు మార్చమని అడిగి వెళ్లిపోయింది. ఆమె కుర్చీలో బావను కూర్చోబెట్టారు. గోడ మీద అంకె అలాగే ఉంది. ఇప్పుడు ఆ గదిలో ఉన్నది ఇద్దరే. అయినా దాన్ని చూసి ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. హాల్లో మాత్రం పాత నవ్వులే అడుగుతున్నారు. "ఏం బావా, మీ ఆవిడ కబుర్లేవీ?"

అతను చెప్పులు విప్పుతున్నాడు. వంటింట్లోంచి గొంతు అలవాటుగానే వచ్చింది. కొంచెం భయంగా వచ్చింది.

"ఇవాళ నేనేం చేశాను?"

బావ గోడకు చేరగిలబడ్డాడు.

"నిన్ను అడిగామని చెప్పమన్నారు" అన్నాడు.