పదకొండు పత్రాల మీద లేని పేరు

మల్లక్క ఇక లేదన్న వార్తను నాకు మొదట చెప్పింది మా ఇంట పాలు పోసే లచ్చవ్వ. నేను అప్పుడే పూజ ముగించి లేస్తున్నాను. "శారదమ్మా, మల్లక్క పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నదట. కోడలు లేపితే లేవలే" అంటూ పాలచెంబు గడపలోనే పెట్టి కూలబడింది. నిజం చెబుతున్నాను, దుఃఖం కన్నా ముందు నన్ను కమ్మింది సిగ్గు. ఆమె ముందు ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఏడాదిన్నరగా నా గొంతులోనే ఉండిపోయింది. ఇక దాన్ని వినే మనిషి లేదు.

మల్లమ్మ ఘనపూర్ దగ్గరి పల్లెలో పుట్టి, జనగామకు కోడలిగా వచ్చి, ఇక్కడి ఒక దవాఖానలో ఆయాగా ఏళ్ల తరబడి సేవ చేసిన స్త్రీ. అక్షరం రాకపోయినా ఆమె జిజ్ఞాసకు అంతు లేదు; ఒకసారి విన్నది మరచిపోవడం ఎరుగదు. నేనూ బడి మెట్లెక్కినదాన్ని కాను. మా నాయిన ఇంట్లోనే పురాణాలు చదివిస్తూ నాకు అక్షరాలు నేర్పాడు. పెద్దవాళ్లకోసం ప్రతి విషయంలోనూ తొలి పాఠాలను ఉచితంగా ఫోన్‌లో చెప్పే కోర్సులున్నాయని మా మేనకోడలు ఒకనాడు చూపించింది. నేల, శరీరం, ఆకాశం, ప్రథమ చికిత్స, ఏది కావాలంటే అది. తెలుగులో పాఠం వినిపిస్తారు. చివర పది ప్రశ్నలుంటాయి. గట్టెక్కితే మన పేరుతో ఒక పత్రం వస్తుంది.

డ్యూటీ దిగిన మల్లక్క మధ్యాహ్నం మా అరుగు మీదికి వచ్చేది. ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి ఇద్దరం వినేవాళ్లం. ప్రశ్నలు రాతలో ఉంటాయి గనుక నేను చదివేదాన్ని. జవాబు ఆమె చెప్పేది, దాని మీద నా వేలు నొక్కేది. మొదటిరోజు పేరు రాయమన్నప్పుడు, "నీదే రాయి చెల్లె, ఫోన్ నీదాయె" అంది. రాశాను.

నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచే నేల ఏదని ఒక ప్రశ్న. నేను నాలుగు జవాబులూ చదవకముందే ఆమె పకపకా నవ్వింది. "గిది గూడ పరీక్షనా? నల్లరేగడి. వానకాలం మా పత్తిచేన్ల దిగి సూడుమను, చెప్పులు ఇడిసిపెట్టి రావాలె!" గుండెకు ఎన్ని గదులని అడిగినప్పుడు నేను తడబడ్డాను. "నాలుగు. పండుగకు యాటను కోస్తే గుండె నా చేతికే ఇచ్చేటోళ్లు. నువ్వు యాటకూర తినవు, నీకెట్ల తెలుస్తది పాపం!"

ఆకాశం కోర్సులో చంద్రకళల దగ్గర మూడుసార్లు తప్పాం. విసిగి నేను ఫోన్ బోర్లించాను. ఆమె దాన్ని తిప్పి మళ్లీ చెంబుకు ఆనించింది. "తెల్వకుంటే ఏమైతది చెల్లె? మల్ల ఇందాం." ఆమె విద్యాభ్యాసమంతా ఆ రెండు మాటల్లో ఉంది.

ఒకరోజు దవాఖాన వరండాలో ఒక పిల్లకు ఫిట్స్ వచ్చాయట. చుట్టూ చేరినవాళ్లు చేతిలో తాళంచెవులు పెడుతుంటే, మల్లక్క వాళ్లను పక్కకు జరిపి, మేము విన్న పాఠంలో చెప్పినట్టే పిల్లను పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన కొంగు మడిచి పెట్టింది. ఎవరు నేర్పారని డాక్టరమ్మ అడిగితే, "మా శారద" అందట. ఆమె నా పేరు చెప్పింది. నేనేం చేశానో వినండి.

ఏడవ పత్రాన్ని జిరాక్స్ దుకాణంలో అచ్చు తీయించి తెచ్చిన రోజు, ఆమె దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుంది. "అచ్చుల నా పేరు ఎట్లుంటదో జర సూడాలని ఉన్నది. వచ్చేది నా పేరు మీద రాద్దామా?"

"ఒక ఫోన్‌కు ఒక్క పేరే తీసుకుంటదక్కా" అన్నాను.

అది అబద్ధం. నా పేరు అచ్చులో పడటం నా జీవితంలో అదే మొదలు. ఆమె పేరు కూడా వస్తే, జవాబులు ఎవరివో లోకానికి తెలుస్తుందని భయపడ్డాను. నిత్యం దీపం పెట్టే చేతులతోనే ఆ పని చేశాను.

"అట్లనా. సరే తియ్" అంది మల్లక్క.

పదకొండు పత్రాలయ్యాక మహబూబాబాద్ మహిళా సభలో నాకు శాలువ కప్పారు. మీలో చాలామంది అక్కడున్నారు. నేను దైవానికి, నాయినకు, మేనకోడలికి, సభ పెట్టినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. మూడవ వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్న మల్లక్క పేరు మాత్రం నా నోట రాలేదు. తిరుగుబస్సులో ఆమే నవ్వుతూ, "అందరికి దండం పెట్టినవ్, మైకు పట్టుకొచ్చినోన్ని గూడ ఇడ్వలే!" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

పరామర్శకు వెళ్లినప్పుడు ఆమె కోడలు నాతో ఒక మాట చెప్పింది. "నిరుడే దవాఖానల నర్సమ్మ ఫోన్‌ల మా అత్త తన పేరు రాయించుకున్నదమ్మా. ఒక్క ఫోన్‌ల ఎన్ని పేర్లన్న రాయొచ్చని గా నర్సమ్మనే చెప్పింది. మరి పాఠం ఎందుకు మొదలువెట్టలే అత్తా అంటే, 'శారద సదువకుంటే నాకు ఇన్నట్టుండదు' అన్నది."

అంటే నా అబద్ధం ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఏడాదిపాటు ప్రతి మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని, నా పేరుకు జవాబులు చెప్పింది. ఇంతటి ఔదార్యాన్ని నేను పురాణాల్లో చదివానే గాని, నా అరుగు మీద కూర్చున్నప్పుడు గుర్తుపట్టలేకపోయాను.

పత్రాల మీద పేరు మార్చమని కోర్సులవారికి రాశాను. ఒకసారి ఇచ్చిన పత్రం మీద పేరు మార్చడం కుదరదని జవాబొచ్చింది. వారు మార్చలేనిదాన్ని మీరు మార్చగలరు. అందుకే ఈ నాలుగు మాటలు. ఆ పత్రాలు ఇంకా మా గోడ మీదే ఉన్నాయి. మా ఇంటికి వచ్చినవారు వాటి మీద నా పేరు చదివి ఆగిపోకండి. ఆ జవాబులన్నీ చెప్పింది మల్లమ్మ. ఆమెను తలచుకోండి.