గ్యాసు గుంతలోకి దిగనివ్వలేదు

మాది కట్టంగూర్ దగ్గర ఒక పల్లె. తెలంగాణ వచ్చిన కొత్తలో కొట్టం పక్కన గోబర్ గ్యాసు గుంత కట్టించుకున్నాం. మా బర్రెల పేడ, నా భర్త హైవే హోటల్ నుంచి డబ్బాల్లో తెచ్చే ఎంగిలి అన్నం, కూరగాయల తొక్కలు అందులో వేసేవాళ్లం. కట్టెల పొగతో ఏళ్ల తరబడి దగ్గిన మా అత్త, ఆ నీలిమంట మీద మొదటి చాయ్ కాగుతుంటే పొయ్యి ముందు నుంచి లేవలేదు.

నాలుగేళ్లకు మంట సన్నబడింది. గుంత అడుగున మడ్డి పేరుకుపోయింది. నా భర్త, మరిది కలిసి పైమూత తీసి, అందినంత వరకు బకెట్లతో తోడి, రెండు రోజులు తెరిచే ఉంచారు. గుంత కట్టిన మేస్త్రి అప్పట్లోనే చెప్పాడు: "లోపలికి గాలి కొట్టకుంట ఎవ్వలు దిగొద్దు. గ్యాసు కండ్లకు కనవడది గని పానం తీస్తది."

మూడో రోజు పొద్దున నా భర్త గుంతలోకి నిచ్చెన దించాడు.

"జర ఆగు. మేస్త్రికి ఫోన్ చేద్దాం" అన్నాను.

"వాసన గూడ వస్తలేదు, ఇంకేముంటది? పావుగంట పని."

నాలుగు మెట్లు దిగాడో లేదో, నిచ్చెన ఒక్కసారి ఊగింది. కింద మడ్డిలో దబ్బున పడిన చప్పుడు. కేక కూడా లేదు. వంగి చూస్తే బోర్లా పడి ఉన్నాడు. వీపు కదలడం లేదు.

మరిది పరుగున వచ్చి నిచ్చెన మీద కాలు పెట్టాడు. వెనక నుంచి రెండు చేతులతో అతని నడుము పట్టుకున్నాను.

"ఇడువు వదినా! అన్న సస్తున్నడు!"

"నువ్వు దిగితే నువ్వు గూడ పడ్తవ్. నీకు దండం పెడ్త, దిగకు!"

మోచేత్తో నా ముఖం మీద కొట్టాడు. పెదవి పగిలింది. వదల్లేదు. కింద ఉన్నది నా భర్త, నేనేమో సాయం పోయేవాణ్ణి పట్టుకుని నిలబడ్డాను. మా అత్త గుండెలు బాదుకుంటూ నన్ను తిడుతోంది.

నా అరుపులకు పక్కింటాయన, బావిలో పడ్డ బకెట్లు తీసే ఇనుప గాలం పట్టుకుని వచ్చాడు. రెండుసార్లు జారింది. మూడోసారి బెల్టుకు తగులుకుంది. అందరం కలిసి పైకి లాగాం. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

దవాఖానలో డాక్టర్ నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంకెవరైనా దిగారా?" అని అడిగాడు. దిగలేదన్నాను. "మంచి పని చేశారు" అన్నాడు. ఆ మాటకు ఆయన చొక్కా పట్టుకుని నిలదీయాలనిపించింది.

"నా కొడుకు పోతుంటే సూస్కుంట నిలవడ్డవ్" అంది అత్త, శవం పక్కన, అందరి ముందు. తర్వాత మేస్త్రి వచ్చి, ఇలాంటి గుంతల్లో ఒకరి వెనక ఒకరు దిగి ఎలా పోతారో ఆమెకు చెప్పాడు. విన్నది. లేచి కొట్టంలోకి పోయింది.

గుంతను మట్టితో పూడ్చేశాం. మరిది చాలాకాలం నా ముఖం చూడలేదు. పోయిన ఎండాకాలం బర్రెలకు గడ్డి వేస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"వదినా, గా దినం నన్ను ఇడిచిపెడ్తె అన్న బతికెటోడా?"

"నాకు తెల్వదు" అన్నాను. అతని పెళ్లాం, పిల్లలు వాకిట్లోనే ఉన్నారు.