రెండో సగం చూడని టీచర్‌గారు

మా టీచర్‌గారు పోయారన్న కబురు నాకు మైకుసెట్టు అతను చెప్పాడు. పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం బయటికొస్తే, ఆటోలో సౌండు బాక్సులు వేసుకుని ఎదురయ్యాడు. "చర్చికి తీసుకెళ్తున్నానండి. రాత్రి విజయవాడ ఆస్పత్రిలో టీచర్‌గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారంట," అన్నాడు. గోడ అవతల మనిషి పోయిన సంగతి నాకు వీధిలో తెలిసింది. ముందు ఏడుపు రాలేదు. 'మరి రెండో సగం?' అనిపించింది. అలా ఎందుకనిపించిందో చెప్పాలంటే ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి.

తిరువూరులో మేమిద్దరం ఒకే స్కూల్లో పాఠాలు చెప్పాం. ఆవిడది సాంఘికశాస్త్రం, నాది లెక్కలు. క్లాసులు పక్కపక్కనే, తర్వాత కట్టుకున్న ఇళ్ళూ పక్కపక్కనే. రిటైరయ్యాక కూడా ఆవిడ హ్యాండుబ్యాగులో సుద్దముక్కలు ఉండేవి. ఊరెళ్తే గేటుమీద 'పాలు వద్దు' అని గుండ్రటి అక్షరాలతో రాసి వెళ్ళేవారు. వానొస్తే చెరిగిపోయేది, పాలబ్బాయి ప్యాకెట్టు పడేసిపోయేవాడు, అది మా ఇంటికి చేరేది.

క్లాసులో ఆవిడ ఎవరినీ కొట్టేవారు కాదు. జవాబు రానివాడిని, "తెలియదు టీచర్ అని గట్టిగా చెప్పి కూర్చో" అనేవారు. చెబితే అంతటితో సరి. చెప్పకపోతే నిలబడి ఉండాలి. పిల్లలంతా హాయిగా చెప్పేసి కూర్చునేవాళ్ళు. ఎ.కొండూరు నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడు మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. రెండు చేతులూ చంకల్లో దోపుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ బెల్లు కొట్టేదాకా నిలబడేవాడు. నాకు ఓర్పు తక్కువ, నా క్లాసులో అయితే వీపు పగిలేది. "నిలబడనివ్వండి మాస్టారూ, ఏదో ఒకరోజు చెప్తాడు" అనేవారు ఆవిడ. పదో తరగతి అయిపోయింది గానీ వాడు చెప్పలేదు.

ఆ కుర్రాడే పెద్దయ్యాక చదువుకని ఏదో చలిదేశం వెళ్ళి, చదువు సంగతేమో గానీ సినిమా తీశాడు. తనే తీసి, తనే నటించాడు. ముందు తిరువూరులోనే చూపించాలని, టీచర్‌గారు ఏమంటారో తనకు కావాలని ఫోను చేసి అడిగాడు. ఆవిడ పొంగిపోయి చర్చి పక్క హాలు అడిగి పుచ్చుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది.

కుర్రాడు పంపిన సినిమా రెండు ముక్కలుగా వచ్చింది. ఇంటర్వెల్ లేకపోతే మనవాళ్ళకి అది సినిమా కాదు కాబట్టి, మధ్యలో పునుగులూ టీ టీచర్‌గారే చెప్పించారు. మొదటి ముక్కలో ఆ కుర్రాడు మంచు పడుతున్న బస్టాపులో నిలబడి ఎదురుగా వెలుగుతున్న ఒక కిటికీని చూస్తుంటాడు. కిటికీలో ఎవరో అమ్మాయి నీడ. బస్సు రాదు. మధ్యమధ్యలో మన రూటులో బస్సు ఆగే ఊళ్ళ పేర్లు గొణుక్కుంటాడు. అంతే. తెర నల్లబడింది, పునుగులు తిన్నాం, మళ్ళీ కూర్చున్నాం. మళ్ళీ అదే బస్టాపు, అదే మంచు, అదే కిటికీ, అవే ఊళ్ళు. మళ్ళీ తెర నల్లబడింది. లైట్లు వేశారు.

గంపలగూడెంలో పత్తి పండించే నా తోడల్లుడు లేచి నిలబడి, "ఎంతసేపండీ ఇది? మా ఊరి షేరాటో నయం, తిట్టుకుంటూనైనా వస్తుంది," అన్నాడు. నాదీ అదే మాట. మా ఊరి కాలేజీ లెక్చరర్‌గారికి కోపమొచ్చింది. "అదేనండీ అందులో గొప్పతనం. కోరిక తీరనివాడికి రోజూ ఒకటే రోజు. అందుకే మళ్ళీ మొదటికొచ్చాడు," అన్నారు. వెనక వరసలో ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎందుకమ్మా అంటే వాళ్ళకీ తెలియదు. మాటా మాటా పెరిగి నా తోడల్లుడూ లెక్చరర్‌గారూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. టీచర్‌గారు మాత్రం ఖాళీ టీ గ్లాసులు ఏరుతూ ఉండిపోయారు.

సాయంత్రం కుర్రాడి ఫోను వచ్చింది. "ఆ అమ్మాయి కిందికి దిగొచ్చాక ఎలా ఉంది టీచర్?" అని అడిగాడు. ఏ అమ్మాయి అని ఆవిడ తెల్లబోయారు. అప్పుడు బయటపడింది: మైకుసెట్టు అతను రెండుసార్లూ మొదటి ముక్కే వేశాడు. అంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు, కొత్తరకం సినిమా అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాం. టీచర్‌గారు దాచకుండా చెప్పేశారు. "సరే, చూసినంతవరకు ఎలా ఉందో చెప్పండి" అన్నాడట వాడు. "పేపరు మొత్తం చదవకుండా నేనెప్పుడైనా మార్కు వేశానా? రెండోది కూడా చూసి చెప్తాను," అన్నారట.

ఫోనులో చూసేయండి అని నేను ఎంత చెప్పినా వినలేదు. "మొదటిది అందరం కలిసి తప్పుగా చూశాం. రెండోది కూడా అందరం కలిసే చూద్దాం మాస్టారూ" అనేవారు. అందరూ కలిస్తే కదా. నా తోడల్లుడు రానంటే రానన్నాడు. లెక్చరర్‌గారైతే ఆ సినిమాకి రెండో సగం అక్కర్లేదని తేల్చేశారు. ఈలోగా హాలులో పెళ్ళిళ్ళు, ఆ తర్వాత ఆవిడకు జ్వరం, ఆ తర్వాత ఆస్పత్రి.

ఆస్పత్రికి వెళ్ళేముందు ఒక సాయంత్రం గోడ దగ్గర నిలబడి అన్నారు: "ఆ బస్టాపులో వాడు చేతులు చంకల్లో పెట్టుకున్నాడు, చూశారా?"

"చలికి పెట్టుకుని ఉంటాడులెండి," అన్నాను.

"చలికి కాదు మాస్టారూ. నా క్లాసులో నిలబడ్డట్టే నిలబడ్డాడు. తెలియదని చెప్పి కూర్చోరా అనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు."

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు కుర్రాడు నాకు ఫోను చేశాడు. "టీచర్ చూశారా సార్, రెండోది?" అని అడిగాడు. లేదన్నాను. మార్కు వేయకుండానే వెళ్ళిపోయారని చెప్పడానికి నోరు రాక, గోడ దగ్గర మాట చెప్పాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అలా నిలబడ్డానని నాకే తెలియదు సార్," అన్నాడు. "చూసుంటే ఏమనేవారంటారు?" అని అడిగాడు. ఆవిడతో అన్నేళ్ళు మసలినవాణ్ణి, ఏదో ఒకటి చెప్పాలి కదా. సిగ్నల్ సరిగా లేదని ఫోను పెట్టేశాను.

చనిపోయినవారి తాలూకు వాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక నిన్న అదే హాలులో జరిగింది. ప్రార్థన, పాటలు, భోజనాలు అయ్యాక ఆవిడ చెల్లెలు లేచి, "అక్క చూడాలనుకున్న సినిమా వేయిస్తున్నాం, ఉండేవాళ్ళు ఉండండి," అన్నారు. ఎవరూ కదల్లేదు. నా తోడల్లుడు లెక్చరర్‌గారికి పక్క కుర్చీ జరిపాడు. మైకుసెట్టు అతను ఈసారి నన్ను పిలిచి, ఏ ముక్క వేయాలో రెండుసార్లు అడిగి మరీ నొక్కాడు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తెరమీద మంచు. ఎదురుగా ఆ కిటికీలో లైటు ఆరిపోయింది, కింద తలుపు తెరుచుకుంటోంది. ఇది చూడాలని ఉందో వద్దనుందో నాకే అర్థం కాలేదు. టీచర్‌గారు ఏమైనా అంటారేమోనని అలవాటుగా పక్కకు తిరిగాను, అక్కడ ఎవరూ లేరు. హాలంతా ఉక్కపోత, ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. నా చేతులు రెండూ చంకల్లో ఉన్నాయి.