సుగుణమ్మ మోరి మూత తీయించిన రోజు

గిన్నెలు తోమే తొట్టి కింది గొట్టం విప్పగానే పులిసిన గంజి వాసన గుప్పుమంది. జనగామలోని మా ఇంట్లో నెలకోసారి నేనే చేసుకునే పని ఇది. ఆ వాసనకు సుగుణమ్మ గుర్తొస్తుంది.

మహబూబాబాద్‌లో బడి ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆమె ఇంట్లో అద్దెకున్నాను. నెల్లికుదురు వైపు పొలాలున్న ఇంటి మనిషి, మాట కరుకు. వాకిలి చుట్టూ వాటాలు, అందరి మురుగునీళ్లకూ ఒకటే మోరి. మొదటి సాయంత్రమే నా చేతిలో మూకుడు చూసి ఆగింది. "నూనె మోరిల పొయ్యకు బిడ్డా. పోసేటప్పుడు నీళ్ల లెక్కనే ఉంటది, లోపలికి పోయి గడ్డకడ్తది. కాయితంతోని తుడిచి అవతల పడెయ్యి," అంది. మెతుకులైనా, తల దువ్వుకున్న వెంట్రుకలైనా మోరిలో పడితే ఆమె ఊరుకునేది కాదు.

ఆ వానాకాలం మోరి జామై మురికినీళ్లు మంగ్లి గదిలోకి ఎక్కాయి. మంగ్లి, ఆమె భర్త లంబాడీ తండా నుంచి కూలిపనికి వచ్చి చివరి గదిలో ఉండేవారు. చంటిబిడ్డను చంకనేసుకుని ఆమె నీళ్లు ఎత్తిపోస్తుంటే పక్కవాటా ఆయన, "తండోళ్లకు మోరి ఎట్ల వాడాల్నో ఎర్కనా? ఖాళీ చేయించు అక్కా," అన్నాడు. సుగుణమ్మ ఆ మాటను కాదనలేదు.

నాతో మోరి మూత తీయించి, ఇనుప చువ్వతో తానే కెలికింది. తెల్లటి నేతి గడ్డ, దాన్ని పట్టుకుని నల్లటి దీపం వత్తులు బయటికొచ్చాయి. ఆ వాకిట్లో నేతి దీపం పెట్టేది ఆమె ఒక్కతే. దగ్గరగా ఉన్నది నేనొక్కదాన్నే. పారేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె అందరినీ పిలిచింది.

"గిది మా ఇంటిదే. దేవుని కుందులు గీ మోరిలనే కడిగిన. నెయ్యి గూడ నూనె లెక్కనే అని సోయి లేకపాయె." తర్వాత మంగ్లి వైపు తిరిగింది. "నిన్ను అంటుంటె ఊకున్న. తప్పు నాదే బిడ్డా."

"పిల్ల బట్టలన్ని తడిసినయ్ అవ్వా," అంది మంగ్లి.

పక్కవాటా ఆయన లోపలికి వెళ్లిపోయాడు. సుగుణమ్మ ఆ బట్టలు తానే ఉతికి, నేల ఆరేదాకా తల్లీబిడ్డలను తన ముందు గదిలో ఉంచింది. మోరి కంతలన్నిటికీ జాలీలు బిగించింది, మొదటిది తన వంటింట్లోనే.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా బడిలో ఏ వస్తువైనా కనిపించకపోతే ముందు వినిపించేవి తండా పిల్లల పేర్లే. అప్పుడు నేను లేచి, అందరి ముందూ మొదట నా సంచీనే బల్ల మీద దులుపుతాను.