పేర్లకు రంగులు నేర్పిన మేడమ్

మొన్న మధ్యాహ్నం బెంగళూరులో ఆఫీసులో ఉండగా, కదిరిలో నాతో చదువుకున్న మిత్రుడు ఫోన్ చేశాడు. "మన మేడమ్ పోయిందంటప్పా. పొద్దున్నే. గుండెపోటంట" అన్నాడు. కుర్చీలో కూర్చోలేక మెట్లు దిగాను, మళ్లీ ఎక్కాను, టీ తెప్పించుకుని తాగకుండా వదిలేశాను. ఇది రాస్తూ కూడా మాటిమాటికీ లేస్తున్నాను.

తొంభైల చివర్లో ఆమె కదిరిలో ఎరువుల అంగడి పైన ఒక గదిలో కంప్యూటరు నేర్పేవారు. సొంతూరు కర్ణాటక సరిహద్దులో గుమ్మఘట్ట వైపు. ఆమె తెలుగులో కన్నడం తొంగిచూసేది. నేను నల్లమాడ నుంచి బస్సులో వచ్చేవాణ్ని. ఆమె కూర్చుని పాఠం చెప్పగా ఎన్నడూ చూడలేదు. సద్దిడబ్బా చేత్తో పట్టుకుని, తిరుగుతూనే తినేవారు. కరెంటు పోతే కిటికీకీ తలుపుకీ మధ్య పచార్లు చేస్తూ "ఎప్పుడొస్తాదప్పా ఇది?" అని మమ్మల్నే అడిగేవారు.

ప్రోగ్రాములో లెక్కలకు మేం ఎ, బి, ఎక్స్ అని తోచిన పేర్లు పెట్టేవాళ్లం. ఆమెకు ఒళ్లు మండేది. "మనిషి పేరులో కులం కనపడగూడదప్పా. ప్రోగ్రాములో మాత్రం పేరు చూస్తానే గుణం తెలియాల" అనేవారు. కిలోలుండే పేరు 'కేజీ'తో మొదలవ్వాలి, మూటలుండే పేరు 'మూట'తో. మేం తలూపి, మళ్లీ ఎక్స్ అనే రాసేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటాక ఒక కరువు ఏడాది. చుట్టుపక్కల ఊళ్ల రైతుల సంఘం శెనక్కాయ విత్తనం పంచడానికి చీటీలు రాసే ప్రోగ్రాము మా చేత చేయించుకుంది. ఎన్నాళ్లకో ఒక మంచి వాన పడింది. మర్నాడు తెల్లవారేసరికి గోదాము ముందు జనం. లోపల మేం తెచ్చిపెట్టిన కంప్యూటరు మీద చీటీలు అచ్చవుతున్నాయి. ఇంతలో ఒక రైతు తన చీటీ చూసుకుని పకపకా నవ్వాడు. తొంభై కిలోలు రావలసిన చోట తొంభై మూటలని ఉంది. వెనకున్నవాళ్లకు నవ్వు రాలేదు. అలా పంచితే వాళ్లకు గింజ మిగలదు.

సంఘం పెద్ద చీటీలు ఆపించి, మేడమ్ దగ్గరికొచ్చాడు. "నేలలో వాన పదును ఆరిపోతాండాది తల్లీ. ఎంతసేపు?"

"తప్పు యాడుండాదో తెలీదన్నా. మీరు చేత్తో రాస్తాండండి. నేను వెతుకుతా."

ఆ ఒక్క చీటీ దిద్ది పని జరిపేద్దాం మేడమ్ అన్నాను. "ఈడ పూడిస్తే ఇంకోకాడ లేస్తాదప్పా" అన్నారు.

ప్రోగ్రాము రాసుకునే ఎడిటరులో కంప్యూటరుకు తెలిసిన మాటలకు నీలం రంగు వచ్చేది. మేం పెట్టిన పేర్లన్నీ ఒకేలా తెల్లగా ఉండేవి. ఆమె పేర్లన్నీ తన పద్ధతిలో మార్పించారు. తర్వాత ఎడిటరుకు ఒక నియమం రాశారు: 'కేజీ'తో మొదలైన పేరు పచ్చగా, 'మూట'తో మొదలైనది ఎర్రగా కనపడాలని. బయట అరుపులు మొదలయ్యాయి. "ఏమప్పా, ఆడ రంగులేస్తా కూర్చుండారా?" అని ఎవరో కేక వేశారు. ఆమె కూర్చోలేదు. నిలబడే, టేబులు మీదికి వంగి, ఒక్కో వరుసా కిందికి జరుపుతూ పోయారు.

ఒక చోట ఆగారు. ఎర్ర పేరుకు పచ్చ పేరు కలుపుతున్న వరుస. "చూడప్పా. మూటలకు కిలోలు కూడతాండాం."

రెండు ఊళ్లలో పొలం ఉన్నవాళ్ల చీటీలే ఆ వరుస దాకా వచ్చి తప్పుతున్నాయి. దిద్దాక మధ్యాహ్నానికి చీటీలన్నీ సరిగా వచ్చాయి. చాలామంది విత్తనం ఎత్తుకుని అటునుంచి అటే చేలకు పోయారు. కొందరు మాత్రం విసిగి, అప్పటికే ఉత్తచేతులతో బస్సెక్కి వెళ్లిపోయారు. ఆమె వాళ్ల ఊళ్లు కనుక్కుని, సంఘం పెద్దతో పోట్లాడి ట్రాక్టరు కట్టించారు. తానూ ఎక్కి, సాయంత్రం దాకా ఊరూరూ తిరిగి మూటలు దింపించారు. అయినా "ముందే రంగులు పెట్టింటే వాళ్లు అట్ల పోయేవాళ్లు కాదు కదప్పా" అని చాలాకాలం అనుకుంటూనే ఉన్నారు.

అప్పటి నుంచి ఏ ఆఫీసులో చేరినా మొదట ఎడిటరుకు ఆ నియమాలే నేర్పుతాను. పక్కవాళ్లు నవ్వుతారు. తర్వాత అడిగి రాయించుకుంటారు.

పోయిన ఎండాకాలం కదిరి బస్టాండులో ఆమెను చివరిసారి చూశాను. చిక్కిపోయారు. ఆమె ఎక్కిన అనంతపురం బస్సు ఎంతకీ కదలడం లేదు. సీట్లోంచి లేచి దిగేశారు. "నేను ముందు నడుస్తాంటా. దోవలో ఎక్కించుకోమని చెప్పప్పా" అని చీర కొంగు తలమీదికి లాక్కుని ఎండలో బయలుదేరారు. కండక్టరుకు చెప్పాను. "ఆమె ఎప్పుడూ అంతేలే అన్నా" అన్నాడు. బస్సు కదిలి దుమ్ము లేపుకుంటూ వెళ్లింది. చాలా దూరంలో, రోడ్డు అంచున, ఆమె వెనక్కి చూడకుండా నడిచిపోతున్నారు. మలుపు దగ్గర బస్సు ఆగిందో లేదో ఆ దుమ్ములో నాకు కనపడలేదు.