తప్పేందో చెప్పమని రాయి

కర్నూలు కలెక్టరాఫీసు ఎదుట నేను అర్జీలు టైపు చేస్తాను. ప్రతి సోమవారం ఒకామె వచ్చేది. ఆమె భర్త సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. అతను బాగుచేసిన ఫోనొకటి ఉగ్రవాదిగా అనుమానిస్తున్న ఒకడి దగ్గర దొరికిందని పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. కేసు లేదు, కోర్టు లేదు. అడిగితే దేశభద్రత అన్నారు.

ఆమె ఏడ్చేది కాదు. బల్ల అంచును వేలితో తట్టి ఒకే మాట చెప్పేది. "విడిచిపెట్టమని రాయొద్దన్నా. తప్పేందో చెప్పమని రాయి. తప్పు చేసింటే కోర్టులో నిలబెట్టమను."

ఒకసారి నేనే మంచిదనుకొని 'దయచూపండి' అని రాశాను. చదివించుకొని ఆ కాగితం చించేసింది. "నేనేమన్నా బిచ్చమడుగుతాండానా?"

పదకొండు నెలలకు అతన్ని వదిలారు. అప్పుడూ కారణం చెప్పలేదు. "ఇంగ మరిచిపో తల్లీ" అన్నాను. మరుసటి సోమవారం భర్తను వెంటబెట్టుకొని వచ్చి మళ్లీ అదే అర్జీ రాయించింది. నేనూ వాళ్లతో లోపలికి వెళ్లాను.

"వదిలేసినాం గదమ్మా! అనుమానమొస్తే పట్టుకోమా?" అన్నాడు అధికారి.

"అనుమానం మీకొచ్చింది సార్. రుజువు చేయాల్సింది మీరు. అది చేయకుండా మా సంసారాన్ని ఎట్ల లోపలేసినారు?"

నా ఒళ్లు మండింది. బాంబు పెట్టినవాణ్ని శిక్షించొద్దని ఎవరన్నారు? నేరమేదో చెప్పలేని ప్రభుత్వానికి మనిషి మీద తాళం వేసే హక్కెక్కడిది?

అధికారి అర్జీ అందినట్టు దానిమీద ధన్‌మని ముద్ర కొట్టాడు. ఆ చప్పుడుకు ఆమె భర్త ఉలిక్కిపడి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.